హెల్మెట్ తలకు, అద్దం మనసుకు

సైకిల్ గ్రూపుల్లో మాటిమాటికీ లేచే చర్చ ఒకటుంది. ఎవరో పడతారు, దెబ్బలు తగులుతాయి, పగిలిన హెల్మెట్ ఫొటో ఒకటి వస్తుంది. ఇది లేకపోతే ప్రాణం పోయేదే అని ఒకరంటారు. అసలు హెల్మెట్ ఉండబట్టే అంత తెగించి తొక్కాడు, అది లేకపోతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపేవాడు అని ఇంకొకరంటారు. ఈ రెండో మాట మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. వంటి మీద వేసుకునే వస్తువులు మనసును మార్చవని నేను అనను. నా మనసును చాలానే మార్చాయి. అయితే ఏ వస్తువు ఏ భయాన్ని తీస్తోంది, ఆ భయం పోయాక మనం రోడ్డు మీద ఏం చేస్తున్నాం అన్నది ఎవరూ అడగడం లేదు. ధైర్యం ఎక్కడి నుంచి వచ్చినా ఒకటే, అది ప్రమాదమే అన్నట్టు మాట్లాడుతున్నారు. రోజూ హైదరాబాద్ రోడ్ల మీద తొక్కే మనిషిగా నాకు అది నిజం కాదని తెలుసు.

నేను ఉండేది నార్సింగి వైపు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తాను. సెలవు రోజుల్లో శంకర్‌పల్లి, చేవెళ్ల, ఎప్పుడైనా ఓపిక ఉంటే వికారాబాద్ అనంతగిరి దాకా. కాబట్టి నేను చెప్పేదంతా ఈ రోడ్లను బట్టి, కొసలు కిందికి వంగి ఉండే డ్రాప్ హ్యాండిల్, సన్న టైర్లు ఉన్న సైకిల్‌ను బట్టి.

ముందు భయం సంగతి చూద్దాం. కొత్తగా మెయిన్ రోడ్డెక్కినవాళ్ళను గమనించండి. తారు అయిపోయి మట్టి మొదలయ్యే అంచు మీద తొక్కుతుంటారు. వెనక వచ్చే బండికి దారి ఇచ్చేస్తే అది మన జోలికి రాదని వాళ్ళ నమ్మకం. అది సహజమే, కానీ ఆ అంచున ఏముందో చూడండి. రోడ్డు మధ్య నుంచి టైర్లు ఊడ్చిపెట్టిన కంకర, టిప్పర్లలోంచి జారిన ఇసుక, సీసా పెంకులు అన్నీ అక్కడే పోగవుతాయి. ఆపి ఉంచిన ఆటోలు, చూడకుండా తలుపు తెరిచే కార్లు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు కూడా అక్కడే. వీటన్నిటికంటే ఘోరమైనది తారు మెట్టు. పాత రోడ్డు మీద కొత్త పొర వేసినప్పుడల్లా అంచున నాలుగైదు వేళ్ళ ఎత్తు మెట్టు ఒకటి తయారవుతుంది. భయంతో మట్టిలోకి దిగిన సైకిల్‌ను మళ్ళీ తారు మీదికి ఎక్కించబోతే సన్నటి ముందు చక్రం ఆ మెట్టును ఏటవాలుగా ఒరుసుకుంటుంది, ఎక్కదు. హ్యాండిల్ ఆగిపోతుంది, ఒంటి బరువు మాత్రం కుడివైపుకు పోతుంది. అంటే పడేది మట్టిలోకి కాదు, బండ్ల ముందుకు.

ఇంకో సంగతి. అంచున తొక్కేవాణ్ణి చూసిన డ్రైవర్‌కు, ఎదురుగా బస్సు వస్తున్నా సరే, పక్కనుంచి సందు ఉందనే అనిపిస్తుంది. ఆ సందులోంచి దూరుస్తాడు. అదే మనిషి అంచు నుంచి ఒక మీటరు లోపలికి, తిన్నగా, ఊగకుండా తొక్కుతుంటే డ్రైవర్ ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. ఆగాలి, లేదా పక్క లైన్‌లోకి పూర్తిగా మారాలి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా మర్రిచెట్ల మధ్య సాగే రోడ్డు మీద తొక్కినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ రెండు బస్సులు ఎదురుపడితే సైకిల్‌కు చోటు ఉండదు. చోటు లేదన్న సంగతి వెనకవాడికి ముందే తెలిసేలా నిలబడటమే అక్కడ మన పని.

అంటే రోడ్డు మీద పిరికితనం మనల్ని కాపాడే గుణం కాదు. అది మనల్ని ప్రమాదం ఉన్న చోటికే తోస్తుంది. అందుకే ఏదైనా ఒక వస్తువు నాకు ధైర్యం ఇస్తోందంటే, ఆ ధైర్యంతో నేను రోడ్డు మీద ఎక్కడ ఉంటున్నాను అన్నదే నాకు ముఖ్యం. వేగం పెరిగిందా లేదా అన్నది ఆ తర్వాత మాట.

నాకు ఈ చోటు ఇచ్చింది హెల్మెట్ కాదు, అద్దం. డ్రాప్ హ్యాండిల్ కుడి కొసన, పైపు లోపలికి బిగించే చిన్న గుండ్రటి అద్దం. అరచేతిలో సగం కూడా ఉండదు. మనకు బండ్లన్నీ కుడివైపు నుంచే దాటిపోతాయి కాబట్టి కుడివైపే పెట్టుకోవాలి. ఖరీదైన సైకిళ్ళు తొక్కేవాళ్ళలో చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. సైకిల్ అందం పోతుందని ఒకరంటే, గాలికి అడ్డమని ఇంకొకరు. అది లేని రోజులు నాకు బాగా గుర్తు. వెనక హారన్ వినిపించగానే భుజాలు బిగుసుకుపోయేవి. తల తిప్పి చూడబోతే చేతులు కూడా అటే తిరిగి సైకిల్ కుడికి జరిగేది. చూడకపోతే, వెనక వస్తున్నది ఆటోనా, కంకర టిప్పరా, ఎంత దూరంలో ఉందో తెలియక ఊహలన్నీ వచ్చేవి. కొన్ని కిలోమీటర్లు అలా తొక్కితే కాళ్ళకంటే ముందు మెడ అలిసిపోతుంది.

అద్దం వచ్చాక జరిగింది ఇది. మోకిల దాటాక రోడ్డు కాస్త ఎత్తెక్కే చోట వెనక రెడీమిక్స్ లారీ ఇంజిన్ మోత వినిపిస్తుంది. కళ్ళు మాత్రం కిందికి దించితే చాలు. అద్దంలో లారీ ముక్కు, దాని వెనక తిరుగుతున్న డ్రమ్ము కనిపిస్తాయి. రోడ్డు బాగాలేని చోట ఆ బొమ్మ వణుకుతుంది, అయినా అర్థమవుతుంది. నేను చూసేది లారీని కాదు, దాని ముందు ఎడమ చక్రాన్ని. ఆ చక్రం నా వెనక గీతలోనే ఉందా, కుడికి జరగడం మొదలుపెట్టిందా? జరిగిందంటే డ్రైవర్ నన్ను చూశాడు. అంతే, భుజాలు దిగుతాయి, ఊపిరి మామూలవుతుంది, నేను నా గీతలోనే తొక్కుకుంటూ పోతాను. జరగలేదంటే మట్టిలోకి దిగడానికి నాకు నాలుగైదు సెకన్లు ఉంటాయి. మెట్టు తక్కువగా ఉన్న చోటు చూసుకుని, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని దిగొచ్చు. భయం పోయిందని చెప్పను. ఎప్పుడు భయపడాలో తెలిసింది, మిగతా వేళంతా మనసు ఖాళీ అయింది. ఆ ఖాళీలో ముందున్న గుంతలు కనిపిస్తాయి.

ఈ మధ్య కొందరు సీటు కింద రాడార్ ఉన్న టెయిల్ లైట్ పెట్టుకుంటున్నారు. గార్మిన్ వేరియా అలాంటిదే. వెనక 140 మీటర్ల దూరం నుంచే బండి వస్తోందని కూత పెట్టి చెబుతుంది. ఖాళీ హైవే మీద, ముఖ్యంగా రాత్రిపూట, అది చాలా మంచి వస్తువు. గచ్చిబౌలి సాయంత్రం ట్రాఫిక్‌లో మాత్రం అది ఆగకుండా కూస్తూనే ఉంటుంది, ఏ కూతకు భయపడాలో తెలియదు. అక్కడ అద్దమే మేలు.

ఇక హెల్మెట్. దీని గురించి మాట్లాడేముందు అది దేనికోసం తయారైందో తెలుసుకోవాలి. సైకిల్ హెల్మెట్ లోపల ఉండేది థర్మాకోల్ జాతి నురుగు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి, తలకు తగలాల్సిన ఊపును తాను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. యూరప్ ప్రమాణం ప్రకారం పరీక్షలో తల నమూనాను సుమారు 1.5 మీటర్ల ఎత్తు నుంచి ఇనుప దిమ్మ మీద పడేస్తారు, అమెరికా ప్రమాణంలో 2 మీటర్ల నుంచి. అంటే సైకిల్ మీదున్న మనిషి తల నేలకు తగిలితే ఎంత దెబ్బో అంతకు సరిపోయేలా చేసిన వస్తువు అది. లారీ గుద్దితే కాపాడుతుందని దాన్ని చేసినవాళ్ళు ఎక్కడా చెప్పలేదు. ఆ పరిమితిలో అది చేసే పని మాత్రం చాలా పెద్దది. 64,000 మందికి పైగా గాయపడ్డ సైక్లిస్టుల లెక్కలను కలిపి ఆస్ట్రేలియా పరిశోధకులు చేసిన విశ్లేషణలో, హెల్మెట్ ఉన్నవాళ్ళకు తలకు తీవ్ర గాయమయ్యే అవకాశం మూడింట రెండు వంతుల దాకా తగ్గినట్టు తేలింది. పెట్టుకోవాలా వద్దా అన్న ప్రశ్న నా వరకు అక్కడితో ముగిసింది.

మిగిలింది తెగింపు ప్రశ్న. దీనికి మూలం పాతది. 1975లో శామ్ పెల్ట్జ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త కార్ల భద్రతా నియమాల గురించి రాస్తూ, బండి భద్రంగా ఉందనిపిస్తే డ్రైవర్లు ఆ మేరకు దూకుడు పెంచుతారని వాదించాడు. అదే వాదం తర్వాత హెల్మెట్ల మీదికి వచ్చింది. 2016లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో 80 మందితో ఒక ప్రయోగం చేశారు. కంటి కదలికలు కొలిచే పరికరం బిగించాలన్న సాకుతో కొందరికి సైకిల్ హెల్మెట్, కొందరికి మామూలు టోపీ పెట్టి, కంప్యూటర్ తెర మీద బుడగలు ఊదే ఆట ఆడించారు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ రిస్క్ తీసుకున్నారని తేలింది. ఈ ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని చాలామంది రాశారు. కానీ అది గదిలో కూర్చుని ఆడిన ఆట. పక్కనుంచి బస్సు పోలేదు, కింద కంకర లేదు. ఆ తర్వాత, ఈ ప్రశ్న మీద వచ్చిన 23 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే 18 అధ్యయనాలు ఈ వాదాన్ని బలపరచలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది నార్వే వాళ్ళ ప్రయోగం. మనుషులను హెల్మెట్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి వాలులో తొక్కించారు. రోజూ హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు అది లేనప్పుడు నెమ్మదించారు. అలవాటు లేనివాళ్ళకు హెల్మెట్ పెడితే మాత్రం వేగమేమీ పెరగలేదు. ఇది చదివినప్పుడు నాకు నా సంగతే చెప్పినట్టనిపించింది. వీధి చివరికి పాల ప్యాకెట్ కోసం హెల్మెట్ లేకుండా వెళ్ళినా తల మీద గాలి కొత్తగా తగిలి, ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది, చేయి తనంతట తానే బ్రేక్ మీదికి పోతుంది. హెల్మెట్ నాకు కొత్తగా తెగింపు ఇచ్చి ఉంటే అది రోజూ పెరుగుతూ పోవాలి కదా. అలా ఏమీ లేదు. అది చొక్కా లాంటిదైపోయింది.

అలవాటు ఎంత బలమైనదో పోటీ సైక్లింగ్ చూసినా తెలుస్తుంది. 1991లో హెల్మెట్ తప్పనిసరి చేయబోతే యూరప్ ప్రొఫెషనల్ రైడర్లే ఎదురు తిరిగారు, నియమం వెనక్కి పోయింది. 2003 మార్చిలో పారిస్–నీస్ పోటీలో కజకిస్తాన్ రైడర్ ఆంద్రే కివిలెవ్ పడిపోయాడు. తల మీద హెల్మెట్ లేదు. మర్నాడు చనిపోయాడు. అదే ఏడాది మే నుంచి అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్ తప్పనిసరి చేసింది. మొదట్లో పోటీ ఎత్తు మీద ముగిసే రోజుల్లో ఆఖరి ఎక్కుడు దగ్గర తీసేయొచ్చని సడలింపు కూడా ఉండేది. ఇప్పుడు హెల్మెట్ లేకుండా తొక్కే ప్రొఫెషనల్‌ను ఊహించుకోవడమే కష్టం. ఒక తరం పెట్టుకుంటే పౌరుషానికి తక్కువ అనుకున్న వస్తువును తర్వాతి తరం పట్టించుకోవడమే మానేసింది.

అనంతగిరి నుంచి దిగేటప్పుడు నా వేగాన్ని నిర్ణయించేవి వేరే ఉన్నాయి. మలుపు అవతల ఏముందో కనిపిస్తుందా, రోడ్డు తడిగా ఉందా, కోతులు రోడ్డు మీద కూర్చున్నాయా, ముందు వెళ్ళినవాడు ఎంత దూరంలో ఉన్నాడు. ఈ ఆఖరిదే అసలైన ప్రమాదం. పక్కన నలుగురుంటే, ఫోన్‌లో మన వేగాన్ని నమోదు చేసే స్ట్రావా యాప్ నడుస్తుంటే, ఒంటరిగా ఎప్పుడూ పోని వేగంతో పోతాం. తెగింపుకు కారణం వెతికేవాళ్ళు అక్కడ వెతకాలి. నెత్తి మీద పావుకిలో నురుగును నిందిస్తే ఏం లాభం?

అయితే ఎదుటి పక్షం మాటలో నిజం ఉన్న చోటు ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. అది రాత్రి. మనం మెరిసే కోటు వేసుకున్నాం కాబట్టి అందరికీ కనిపిస్తున్నామని అనుకుంటాం. ఈ నమ్మకం చాలాసార్లు తప్పు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు రాత్రిపూట, బయటి బండ్లు రాని రోడ్డు మీద డ్రైవర్లతో పరీక్షించారు. నల్ల బట్టల్లో ఉన్న సైక్లిస్టును గుర్తించినవి 2 శాతం సందర్భాలే. ఫ్లోరోసెంట్ కోటు వేసుకుంటే 15 శాతం. వెలుతురును తిప్పికొట్టే రిఫ్లెక్టివ్ కోటుకు 50 శాతం. ఆ కోటుతో పాటు మోకాళ్ళకు, చీలమండలకు రిఫ్లెక్టివ్ పట్టీలు కట్టుకుంటే 90 శాతం. ఫ్లోరోసెంట్ రంగు మెరిసేది సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల వల్ల. చీకట్లో ఆ కిరణాలు ఉండవు, కాబట్టి ఆ పచ్చ జెర్సీ రాత్రి ఉత్త బట్ట. ఇక కాళ్ళ పట్టీలు ఎందుకంత పని చేస్తాయంటే, పైకీ కిందికీ ఆడుతున్న రెండు చుక్కలు కనిపించగానే అది తొక్కుతున్న మనిషని డ్రైవర్ బుర్రకు తెలిసిపోతుంది. కదలని మెరుపు బోర్డు కావచ్చు, డ్రమ్ము కావచ్చు.

ఇక్కడ నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. పేపర్లు వేసే కుర్రాళ్ళు తొక్కే మామూలు సైకిళ్ళ పెడళ్ళకు చాలావాటికి నారింజ రంగు రిఫ్లెక్టర్లు కంపెనీ నుంచే వస్తాయి. కాలుతో పాటు ఆడతాయి. లక్ష పెట్టి కొన్న రోడ్ సైకిల్‌కు బూటు ఇరికించే పెడళ్ళు వేసుకుంటాం, వాటికి ఏ రిఫ్లెక్టరూ ఉండదు. చీలమండకు కట్టే పట్టీ వందా రెండు వందల్లో దొరుకుతుంది. బ్రెవేలకు, అంటే 200, 300, 400 కిలోమీటర్ల దూర సైకిల్ యాత్రలకు, రిఫ్లెక్టివ్ కోటు, ముందు వెనక లైట్లు తప్పనిసరి. లేకపోతే మొదలుపెట్టనివ్వరు. 200 కిలోమీటర్లకు 13.5 గంటలు, 300కు 20 గంటలు గడువు కాబట్టి చీకట్లో తొక్కక తప్పదు. ఆ నియమం చాలా మంచిది. కానీ కోటు వేసుకున్నాక మనసు నిశ్చింతగా అయిపోతుందే, అక్కడ జాగ్రత్త పడాలి. అర్ధరాత్రి దాటాక హైవే మీద నాకు కలిగే నిశ్చింతను నేను నమ్మను. ఆ వేళకు లారీ డ్రైవర్‌కు కూడా నిద్ర ముంచుకొస్తుంటుంది. మూసుకుపోతున్న కళ్ళకు ఏ కోటూ కనిపించదు.

పగటి లైట్ల విషయంలో మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. డెన్మార్క్‌లో 3,845 మంది సైక్లిస్టులతో చేసిన పరిశీలనలో, పగలూ రాత్రీ ఆరకుండా వెలిగే లైట్లున్నవాళ్ళకు గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువ. అందుకే నా వెనక లైటు మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతూనే ఉంటుంది. ఎండలో లైటెందుకు మేడమ్ అని సిగ్నల్ దగ్గర బైకులవాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళు అడిగారంటే చూశారనే కదా.

ఇక కనిపించడం అనే మాట ఆడవాళ్ళకు అంత తేలికైనది కాదు. తెల్లవారుజామున చీకట్లో గండిపేట వైపు ఒంటరిగా వెళ్ళేటప్పుడు, వెనక మిణుకుమనే లైటు లారీకి ఎంత కనిపిస్తుందో, నెమ్మదిగా పక్కకు వచ్చి మాటలు కలిపే బైకువాడికీ అంతే కనిపిస్తుంది. సైక్లింగ్ బట్టలు కూడా అంతే. కనిపిస్తేనే క్షేమం అని మగ రైడర్లు తేలిగ్గా చెప్పేస్తారు. మేము రెండు లెక్కలు వేసుకోవాలి. నేను లైటు తీసేయలేదు, తీసేయను కూడా. ఇక్కడ కూడా నాకు పనికొచ్చింది అద్దమే. వెనక ఒక బైకు అనవసరంగా వేగం తగ్గించి నా వేగానికే వస్తోందంటే ముందే తెలుస్తుంది, టీ కొట్టు దగ్గరో పెట్రోల్ బంకు దగ్గరో ఆగడానికి సమయం దొరుకుతుంది. భద్రత గురించి రాసేవాళ్ళు ఈ భయాన్ని లెక్కలోకే తీసుకోరు. సైకిల్ కొని నెల తిరక్కుండా బాల్కనీలో పెట్టేసిన ఆడపిల్లలు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది పడిపోతామని మానలేదు, దీనివల్లే మానేశారు.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. మా అమ్మకు అద్దం గురించి తెలియదు, రిఫ్లెక్టర్ గురించి తెలియదు. ఆమెకు తెలిసింది హెల్మెట్. "పెట్టుకున్నావు కదా తల్లీ" అంటుంది, అవునంటే ఫోన్ పెట్టేస్తుంది. ఆమె నిద్రపోవడానికి ఆ ఒక్క మాట చాలు. ఇంట్లోవాళ్ళు ధైర్యంగా ఉంటే తొక్కేవాళ్ళ మనసు ఎంత తేలికపడుతుందో పెళ్ళయినవాళ్ళకు, కానివాళ్ళకు అందరికీ తెలుసు. ఆ తేలిక కూడా హెల్మెట్ చేసే మేలే, ఏ ప్రయోగశాలలోనూ కొలవకపోయినా.

కానీ ఇదే హెల్మెట్ ప్రమాదం జరిగాక నింద మోపే సాధనంగా మారుతుంది. వెనకనుంచి వచ్చిన కారు సైకిల్‌ను గుద్దిందనే వార్త కింద మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: హెల్మెట్ ఉందా? కారు ఎంత వేగంతో వచ్చింది, రోడ్డు మీద వెలుతురు ఉందా, సైకిల్‌కు చోటు ఉందా అని ఎవరూ అడగరు. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో సైకిళ్ళ మీద వెళ్తున్నవాళ్ళు 4,836 మంది. వాళ్ళలో నాలాగా హెల్మెట్ కొనుక్కుని, జెర్సీ వేసుకుని తొక్కేవాళ్ళు ఎంతమంది ఉంటారు? మన రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్ళలో అత్యధికులు పనికి వెళ్ళొచ్చేవాళ్ళే.

బట్టలు చూసి డ్రైవర్లు ఎంత దూరం ఇస్తారన్న దాని మీద కూడా పరిశోధన జరిగింది. ఇయాన్ వాకర్ అనే బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త సైకిల్‌కు దూరం కొలిచే పరికరం బిగించుకుని తానే తొక్కాడు. 2007లో ప్రచురించిన ఆ అధ్యయనంలో, 2,300కు పైగా బండ్లు దాటిపోగా, హెల్మెట్ ఉన్నప్పుడు డ్రైవర్లు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా వచ్చారని తేలింది. ఆ కొలతలనే తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ విశ్లేషించి, మీటరు లోపు ప్రమాదకరంగా దాటడంలో హెల్మెట్ వల్ల తేడా లేదన్నారు. నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది 2014లో వచ్చిన రెండో అధ్యయనం. కొత్త రైడర్ నుంచి పోటీల రైడర్ దాకా రకరకాల వేషాల్లో తొక్కి చూశారు. ఏ వేషమైనా డ్రైవర్లు ఇచ్చిన దూరం దాదాపు ఒకటే. తేడా వచ్చింది ఒక్క చోట, పోలీసు అని, వీడియో తీస్తున్నామని రాసిన కోటు వేసుకున్నప్పుడు. ఏం వేసుకున్నా సరే, నూటికి ఒకరిద్దరు డ్రైవర్లు మాత్రం అర మీటరు లోపే రాసుకుంటూ పోయారు. ఆ ఒకరిద్దరిని నా బట్టలు మార్చలేవు. వేగానికి పగ్గాలు వేసే పోలీసులు, విడిగా వేసిన సైకిల్ దారి మాత్రమే మార్చగలవు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో వచ్చింది. ఒకవైపు నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, ఇంకోవైపు నార్సింగి నుంచి కొల్లూరు దాకా. నేను దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అక్కడ పిల్లలు, పెద్దవాళ్ళు, చీరలో తొక్కే ఆడవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళకు ధైర్యం ఇచ్చింది ఏ వస్తువూ కాదు, పక్కన లారీ లేకపోవడం. కాకపోతే పనికి వెళ్ళేవాళ్ళ దారి అది కాదు.

మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి డ్యూటీ చేసే వాచ్‌మన్ అన్న పాత నల్ల సైకిల్ మీద సర్వీస్ రోడ్డు వెంట వస్తాడు. వీధిలైట్లు ఉన్న చోట ఉంటాయి, లేని చోట లేవు. లారీల వెనక అంటించే ఎరుపు తెలుపు రిఫ్లెక్టివ్ టేపు ఆటోమొబైల్ షాపుల్లో మీటరు లెక్కన దొరుకుతుంది. కొంచెం తెచ్చి ఆయన వెనక మడ్‌గార్డుకు ఎరుపు, ముందు ఫోర్కుకు తెలుపు అంటించాను. మడ్‌గార్డు మీద దుమ్ము, నూనె జిడ్డు తుడిచి, బాగా ఆరాక అంటిస్తేనే నిలుస్తుంది. పెడల్ పక్క రాడ్లకు కూడా చిన్న ముక్కలు చుట్టాను. కొన్నాళ్ళ తర్వాత ఎలా ఉందన్నా అని అడిగితే, "ఇప్పుడు బండ్లోళ్ళు జర దూరంకెళ్ళి పోతున్నరు మేడమ్. ఇదివరకు చెవు పక్కకెళ్ళే పోతుండె. అంచుకు దిగుడు తప్పింది" అన్నాడు. అంచుకు దిగుడు తప్పింది అన్న మాట విని నాకు చాలా సంతోషమైంది. ఆయన నా వాదన వినలేదు, ఏ పరిశోధనా చదవలేదు. వెనకబండి తనను చూస్తోందన్న నమ్మకం కుదిరింది, తారు మీద నిలబడ్డాడు.

అందుకే సైకిల్ కొన్నాను, ఏం కొనుక్కోవాలి అని అడిగేవాళ్ళకు నేను డబ్బు ఖర్చు పెట్టే వరస ఇలా చెబుతాను. హెల్మెట్ సైకిల్‌తో పాటే కొనండి. ఖరీదు, రంగు చూడకుండా మీ తలకు సరిపోయేది చూసుకోండి. కనుబొమ్మల పైన రెండు వేళ్ళకు మించి ఖాళీ ఉండకూడదు. గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే పట్టాలి. నుదురు మొత్తం కనిపించేలా వెనక్కి నెట్టి పెట్టుకుంటే ముందుకు పడినప్పుడు అది పనికిరాదు. దాని తర్వాత ఎర్ర టెయిల్ లైటు, పగలు కూడా వెలిగించేది. తర్వాత అద్దం, దాన్ని ఖాళీ రోడ్డు మీద కొన్ని రోజులు అలవాటు చేసుకుని ట్రాఫిక్‌లోకి వెళ్ళండి. చీలమండ పట్టీలు రెండు. గ్లోవ్స్ కూడా, ఎందుకంటే పడ్డప్పుడు ముందు నేలను తాకేది అరచేయి, అది చీరుకుపోతే వారాలపాటు గిన్నె కూడా కడగలేరు. జెర్సీ, కళ్ళద్దాలు మీ ఇష్టం. బూటును పెడల్‌కు బిగించే క్లీట్స్ మాత్రం చిట్టచివర కొనండి, మీ వీధిలోని ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా చూడకుండా కాలు దించగలిగాక.